రంగు కట్టిన తొట్టి

పొద్దున్నే పాలపాకెట్టు కత్తిరించకముందే ప్రేమ మోచెయ్యి దాకా ఉప్పునీళ్ళలో ముంచి, పాత టూత్‌బ్రష్షుతో రాళ్ళు తోముతోంది. హాల్లో గోడ పొడుగునా గాజుతొట్టి, అందులో పుట్టగొడుగుల్లాంటి మెత్తని పగడాలు, రెండు నారింజరంగు చేపలు. మచిలీపట్నం పేరులోనే చేప ఈదుతుంటే ఇంట్లో ఈదితే తప్పేమిటని, పెళ్ళైన కొత్తలో భర్తతో వాదించి మరీ పెట్టించుకున్న తొట్టి. కొన్నాళ్ళుగా దానికి పాచి పట్టింది. పచ్చటి జుట్టులా పెరిగి పగడాల మీద ముసుగేస్తోంది. తొట్టి దీపం వెలిగించే సమయం తగ్గించింది, చేపల మేత సగానికి కోసింది, వడపోత నీళ్ళలో ఉప్పు కలిపి వారం వారం నీళ్ళు మార్చింది. ఆమె వేసిన పాచికలేవీ పాచి మీద పారలేదు.

అత్తగారు లీలావతి గుమ్మంలోనే ముక్కు మూసుకుని, శనివారం మనింట్లో ప్రార్థన కూడిక ఉందనీ, ఈ మురుక్కాలవ ఒడ్డున కూర్చుని కీర్తనలు ఎవరు పాడతారనీ అడిగింది. భర్త శ్యామ్ సుందర్ ఇడ్లీ తుంచుతూ తీర్పు చెప్పేశాడు. గుడివాడలో స్నేహితుడు విజయ్ కుమార్‌కి తొట్టెలంటే సరదా అట, రేపే ఆటో తెచ్చి తీసుకెళ్తాడట, మాట కూడా ఇచ్చేశాడట.

“నన్ను అడిగారా?” అంది ప్రేమ.

“అడిగితే ఒప్పుకోవుగా.”

“ఒప్పుకోనని తెలిసే అడగలేదన్నమాట. ఆటో ఖాళీగానే వెళ్తుంది లెండి. తొట్టి కదలదు, నేనూ కదలను.”

అని, మందు చుక్కలు వేసిన పరీక్ష సీసా తెచ్చి అతని పళ్ళెం పక్కన పెట్టింది. నీళ్ళు ముదురు నీలంగా ఉన్నాయి. అంటే ఫాస్ఫేటు పెరిగిందని అర్థం. ఆ ఫాస్ఫేటు మీదే తొట్టి ఫేటు ఆధారపడి ఉంది. నీళ్ళు మార్చిన రోజు సీసా తెల్లగా ఉంటోంది, రెండ్రోజులు తిరక్కుండా మళ్ళీ నీలం. మేత వల్ల ఇంత రాదు. ఇంట్లోవాళ్ళే ఎవరో ఏదో పోస్తున్నారని తేల్చి చెప్పేసింది. ఇన్నాళ్ళూ ఆమెకు ఎవరూ ఉప్పందించలేదు.

వరండాలో పేపరు మడిచిన చప్పుడైంది. మావగారు తోమాసు లోపలికొచ్చారు. పేరులో తోముడున్నా జన్మలో ఒక్క గిన్నె తోమని మనిషి. నాగాయలంక దగ్గర వయసంతా రొయ్యల చెరువు చేసి, ఇప్పుడు బందరులో కొడుకింట్లో ఉంటున్నారు.

“నేనే పోస్తున్నా,” అన్నారు తల ఎత్తి. “గులాబీ కుండీలకి తెచ్చిన సూపర్ ఫాస్ఫేటు, చిటికెడు కరిగించి. అయితే ఏంటంట? చెరువులో నీళ్ళు అద్దంలా ఉంటే రైతుకి నిద్ర పట్టదమ్మాయ్. రంగు కట్టాలి. రంగులోనే మేతుంటుంది. నీ తొట్టిలో అడుగు కనపడుతుంటే, పాపం పస్తులుంటున్నాయనుకున్నా.”

ప్రేమకు కోపం ముంచుకొచ్చినా గొంతు పెంచలేదు. “మావయ్య గారూ, రంగు నీళ్ళు రొయ్యకి మేలు. పగడం అద్దంలాంటి సముద్రంలో బతికేది. దాని తిండి చాలావరకు వెలుతురే. మీ ఎరువు తిన్నది పాచి. తిని బలిసి, వీటికి వెలుతురు రానివ్వట్లేదు.”

తోమాసు తొట్టి దగ్గరకెళ్ళి వంగి చూశారు. ముడుచుకుపోయిన పగడం ఒకటి పాచి కింద గోధుమరంగు తిరిగింది. ఆయన వంగిన నడుము ఎత్తకుండా దాన్నే చూశారు.

శ్యామ్ సుందర్‌కి సందు దొరికింది. నాన్నకా దాని సంగతి తెలియదు, నీకా తలనొప్పి తప్పదు, పంపించేస్తే అందరికీ సుఖం అన్నాడు.

“నాకొద్దని నేనన్నానా?” తోమాసు నడుము నిలబెట్టారు. “తెగులొచ్చి పంట పోయిన ఏడాది నా చెరువు పూడ్పించావు. ఇంకొక్క పంట వేస్తానంటే వినలేదు. కొడుకింట్లో ఉండాల్సినవాణ్ణని నోరు మూసుకున్నా. ఈ ఇంట్లో నాకు తెలిసిన పనంటూ ఈ నీళ్ళ దగ్గరే కనపడింది. అదీ పాడుచేశాను. పాడుచేసినవాణ్ణి నేనే, బాగుచేసేదీ నేనే. అప్పటిదాకా దీని మీద ఎవడన్నా చెయ్యేస్తే ఊరుకోను.”

చెరువు పూడ్చిన రోజు గట్టు మీద నిలబడి ఒక్క మాటా అనని తండ్రిని శ్యామ్ సుందర్ ఇన్నేళ్ళూ ఒప్పుకున్నాడనే అనుకున్నాడు. తినబోయిన ముక్క పళ్ళెంలో పెట్టేశాడు.

తోమాసు చొక్కా చేతులు మడిచి పాచి పీకడం మొదలెట్టారు. అలా లాగితే ముక్కలు నీళ్ళలో తేలి మళ్ళీ మొలుస్తాయని, రాయి బయటికి తీసి బక్కెట్లో పీకాలని ప్రేమ చెప్పింది. ఆయన ఎదురు చెప్పకుండా రాయి తీశారు. లీలావతి గొణుక్కుంటూ, కూడిక వరండాలో పెట్టుకుందాం, గాలైనా వస్తుంది అంది.

శ్యామ్ సుందర్ వచ్చి బక్కెట్టు పట్టుకున్నాడు.

“నాన్నా, ఆ రోజు నిన్నొక మాట అడగాల్సింది,” అన్నాడు.

తోమాసు తల తిప్పలేదు. కళ్ళు తుడుచుకుందామంటే రెండు చేతులూ పాచే. ప్రేమ చూసి తువ్వాలు అందించింది.

అంతలో ఫోను మోగింది. విజయ్ కుమార్. ఆటో వద్దురా, మా ఆవిడ ఇవ్వనంటోందని శ్యామ్ సుందర్ చెబుతున్నాడు.

“నేనూ ఇవ్వనన్నానని చెప్పు,” అన్నారు తోమాసు, పాచి పీకుతూనే.