బాగున్నదని అనరాదు

"తోటను నోటితోనే ఎండబెట్టినవు గదనే!"

సాయిలు గడపలో నిలబడి అరిచాడు. చెప్పులు కూడా విడవలేదు. నల్గొండ నుంచి మిట్టమధ్యాహ్నం బస్సులో నిలబడి వచ్చిన మనిషి. మొహమంతా చెమట, కళ్లు ఎర్రగా ఉన్నాయి. కరుణ మంచినీళ్ల చెంబు అందించింది. విసిరికొట్టాడు! చెంబు దొర్లుకుంటూ పోయి, వాకిట్లో చింతపండు కొడుతున్న భద్రమ్మ కాళ్ల దగ్గర ఆగింది. ఆ ఎండాకాలం ఆ ఇంట్లో ఎవరూ చుక్క కూడా నేలపాలు చేయని నీళ్లు... మట్టిలో ఇంకిపోయాయి.

"ఏమైందో జర మెల్లగ చెప్పు. వాడంతా వింటాంది," అంది కరుణ.

"విననియ్! రెండో విడత లోను ఆపేసిన్రు. ఎందుకని అడిగితే ఆఫీసుల సారు ఏమన్నడో తెలుసా? 'మీ ఇంటికి ఫోన్ చేస్తే తోట మొత్తం ఎండిపోయిందని మీవోళ్లే చెప్పిన్రు' అన్నడు! నలుగురి ముంగట నా మొఖం ఏడ వెట్టుకోవాలె? ఫోను నీ దగ్గరుంటది. ఎవలే చెప్పింది?"

కరుణ తెలియకుండానే అత్త వైపు చూసింది. భద్రమ్మ చేతిలోని రాయి గాలిలోనే ఆగిపోయింది. ముసలామె నోరు తెరవబోయింది. కరుణ కళ్లతోనే వద్దని చెప్పింది.

"నేనే చెప్పిన," అంది మొగుడితో.

అబద్ధం! ఆ ఫోను ఎత్తింది భద్రమ్మ. మొన్న కరుణ తోటకు పోతూ ఫోను చార్జింగుకు పెట్టి మరిచిపోయింది. సాయంత్రం వచ్చేసరికి అత్త మురిసిపోతూ చెప్పింది. "ఎవలో పిల్ల ఫోన్ జేసింది బిడ్డా! ఎంత మర్యాద! అండీ అండీ అనుకుంట మాట్లాడింది. తోట ఎట్లున్నదని అడిగింది. అంతా పోయిందని చెప్పిన." కరుణ ఆ మాటకు నవ్వింది కూడా. ఆ ఊళ్లో అందరూ చెప్పే జవాబే అది. బర్రె కడవెడు పాలిస్తున్నా 'ఏమిస్తది, వట్టిపోయింది' అనాలి. పిల్లలు బొద్దుగా ఉంటే 'బక్కగైన్రు' అనాలి. పంట నడుమెత్తు ఉన్నా, దారిలో అడిగినవాళ్లకు 'పోయింది' అనే చెప్పాలి. బాగుందని నోరు జారితే దిష్టి తగులుతుంది. విన్నవాళ్లకూ ఆ సంగతి తెలుసు. పోయిందంటే బాగుందని అర్థం చేసుకుని నవ్వుకుంటూ వెళ్లిపోతారు.

కానీ ఆ రోజు విన్నది మనిషి కాదు. అప్పిచ్చిన కంపెనీ యంత్రం!

రెండెకరాల బత్తాయి తోట వాళ్లది. మొక్కగా నాటిన నాటి నుంచి కరుణే సాకింది. ఇది మొదటి కాపు. పిందె నిమ్మకాయంత అయింది. అలాంటి సమయంలో బోరు సన్నగిల్లింది. ట్యాంకర్లతో నీళ్లు పోయించకపోతే కాయ నిలవదు, చెట్టూ నిలవదు. ఆ ట్యాంకర్ల కోసమే రెండో విడత. అప్పు ఇచ్చేటప్పుడు కంపెనీ వాళ్లు ఊళ్లో టెంటు వేసి ఎన్ని చెప్పారు! బ్యాంకు చుట్టూ తిరగనక్కరలేదట. ఆకాశంలోంచి చెట్టు చెట్టునూ చూసే కన్ను ఉందట. ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఆపాలో మనిషికంటే బాగా తేల్చే తెలివి ఉందట. అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టిన చేతులను ఇప్పుడు నెత్తిన పెట్టుకోవాలి.

"నీకు పురుగు గుట్టిందా? ఎందుకు చెప్పినవే?"

"దిష్టి తగుల్తదని..."

"తగిలింది పో! కడుపు నిండిందా? ఇయ్యాల్టి సంది తోట మొఖం చూడకు. నీ నోరు మంచిది గాదు!"

కరుణ చెంబు తీసుకుని లోపలికి వెళ్లింది. పొయ్యి ముందు కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. వెనకనే భద్రమ్మ వచ్చింది.

"ఎందుకు బిడ్డా నీ మీదేసుకున్నవు? నేను చెప్త వానికి. నన్ను సంపుతడా?"

"వద్దత్తమ్మా. నిరుడు మోటరు కాలినప్పుడు ఏమైంది? ఆయన ఒక్కమాటన్నడని అన్నం మానేస్తివి. దవాఖానల పండవెట్టి నేను ఎంత భయపడ్డనో నాకే ఎరుక. నన్ను అననియ్... మాటలే గద. మాటలకు తోలు ఊడదు."

తల్లి లేని పిల్ల కరుణ. ఆ ఇంటికి వచ్చిన కొత్తలో నెత్తికి నూనె పెట్టి జడ వేసింది భద్రమ్మే. కానీ ఒక్కనాడూ 'నా కోడలు మంచిది' అని నోటితో అనలేదు. కరుణ కూడా ఆశించలేదు.

సాయిలు పంతం పట్టాడు. కరుణ వడ్డిస్తే తినలేదు. తానే వడ్డించుకుని తిన్నాడు. మాట లేదు. పొద్దున్నే తోటకు పోతే పొద్దుగూకాక వచ్చేవాడు. కరుణ మనసు పట్టక కంచె దాకా వెళ్లేది. తోట గేటుకు తానే కట్టిన నల్లకుండ, దాని మీద సున్నం బొట్లు... దిష్టి తగలకుండా కట్టింది! ఆ కుండ కింద నిలబడి లోపలికి చూసేది. ఆకులు దొప్పల్లా ముడుచుకుంటున్నాయి. పిందెలు టప్ టప్ మని రాలుతున్నాయి. తన చేతులతో పెంచిన తోట రాలుతుంటే బయటి మనిషిలా నిలబడాల్సి వచ్చింది. ఏ ఆడదానికీ ఆ గతి రాకూడదు!

చివరికి ఆఫీసు నుంచి సాయిలుకు పిలుపు వచ్చింది. ఫోనులో మాట్లాడిన మనిషిని తీసుకొస్తే గొంతు పోల్చి చూస్తారట. పొరపాటని తేలితే పైకి రాస్తారట. సాయిలు కరుణ వైపు చూడకుండానే, "నడువ్," అన్నాడు. భద్రమ్మ చేతికర్ర అందుకుంది. "నేనూ వస్త," అంది.

"నువ్వెందుకే ఈ ఎండల?"

"నా ఇష్టం. బస్సు నీ అయ్యదా?"

నల్గొండలో గడియారం సెంటరు పక్క సందులో ఆఫీసు. అద్దాల గది, చల్లని గాలి. ప్రేమ్‌సాగర్ అనే కుర్ర మేనేజరు. మక్తల్ వైపు రైతు బిడ్డనేనని లోను ఇచ్చేటప్పుడు గొప్పగా చెప్పుకున్నవాడు. ఈ రోజు ఆ మాట ఎత్తలేదు. కంప్యూటరు తమ వైపు తిప్పి ఏదో నొక్కాడు. గదిలో ఒక తీయని గొంతు పలికింది.

"నమస్కారం అండీ! మీ బత్తాయి తోట ఎలా ఉందండీ?"

"ఏం తోట బిడ్డా... అంతా పోయింది. ఎండి కట్టెలైంది. ఒక్క కాయ నిలవలే."

సాయిలు ఉలిక్కిపడి తల్లి వైపు తిరిగాడు. భద్రమ్మ నేల చూపులు చూస్తోంది.

"వినడానికి బాధగా ఉందండీ. తోట పనులు ఎవరు చూసుకుంటారండీ?"

"ఎవలు జూస్తరు? కొడుకు తిరుగుబోతు. కోడలా... దాని పేరెత్తకు! పొద్దు నెత్తిమీదికొచ్చేదాక లేవదు. తోట దిక్కే పోదు."

"మీ సమాచారం నమోదు చేసుకున్నామండీ. ధన్యవాదాలు."

"ఉండు బిడ్డా, గప్పుడే పెడ్తవా? తిన్నవా? గొంతు గుంజుకపోయినట్టున్నది. ఎండల తిరగకు."

"క్షమించండి. మీ సమాధానం అర్థం కాలేదండీ."

అక్కడితో ఆగింది. భద్రమ్మ తల ఎత్తింది.

"నేనేరా," అంది భద్రమ్మ. "నేనే చెప్పిన. నువ్వు నన్నంటవని ఈ పిల్ల తన నెత్తికేసుకున్నది. సారూ... కోడలు మంచిదని బయటోళ్లకు ఎట్ల చెప్త? దాని చేతుల మీద పెరిగింది సారూ తోట! నా కొడుకు నిలవడ్డది, ఇల్లు నిలవడ్డది దానితోనే. గా మాట చెప్తె దిష్టి తగలదా? దాచిపెట్టుకున్న సారూ... దాచిపెట్టుకున్న!"

కరుణ రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఇన్నేళ్లుగా వినని మాట! వినాల్సిన చోట ఇదా... ముక్కూ మొహం తెలియని ఆఫీసులో, ఓ యంత్రం ముందు!

కళ్లు తుడుచుకుని లేచి నిలబడింది. "సారూ, ఒక్కమాట అడుగుత. మీ అమ్మను తొవ్వల ఎవలన్న ఆపి, మీ చేను ఎట్లున్నదమ్మా అంటె ఏం జెప్తది?"

ప్రేమ్‌సాగర్ తల వంచుకున్నాడు. "పోయిందనే అంటదమ్మా."

"మరి మీకు ఎరుకే గదా!"

"నాకు ఎరుకేనమ్మా. దానికి ఎరుక లేదు."

"ఆకాశంల కెళ్లి చెట్టు చెట్టును చూస్తమన్నరు గదా. గిప్పుడు కన్ను మూసుకున్నదా?"

"అది పచ్చగనే చూపెట్టింది. మీ మాట పోయిందన్నది. రెండూ కలవకపోతే అనుమానం కింద ఆపేస్తది. తోటను చూసుకునేటోళ్లు లేరని కూడా రాసుకున్నది. నేను ఫిర్యాదు పెడ్త. జవాబు రావడానికి టైం పడుతది."

"మీరొచ్చి ఒక్కసారి కండ్లతోటి చూడున్రి సారూ! బస్సు కిరాయి నేనిస్త."

"నేను చూసినా లాభం లేదమ్మా. నా మాట అది తీసుకోదు."

తెలిసిన మనిషి నోరు కట్టేసి, తెలియని యంత్రం చేతికి తాళంచెవి ఇచ్చారు! దాన్ని తెలివి అంటున్నారు. తల్లి మాటకు అర్థం తెలిసీ జీతం కోసం తల వంచుకున్న కొడుకుది యంత్రం కంటే పెద్ద తప్పు. కరుణ అత్త చేయి పట్టుకుని బయటికి నడిచింది.

బస్సులో సాయిలు వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. "తప్పయింది కరుణా," అన్నాడు.

"అత్తమ్మను అన్నం కాడ ఏమనకు. గదే చాలు."

"నిన్ను గురించి అడుగుతున్న. నామీద కోపం పోయిందా?"

కరుణ కిటికీలోంచి బయటికి చూసింది. పోయిందని ఆమె అనలేదు. వాకిట్లో ఒలికిన చెంబు నీళ్లను ఎవరు ఎత్తిపోయగలరు?

ఆఫీసు నుంచి జవాబు రాలేదు. ఎండ ఆగలేదు. బోరు ధార చిటికెన వేలంత అయింది. తోటంతటికీ పారిస్తే ఏ చెట్టూ బతకదు. కొన్నిటిని చంపుకుంటేనే కొన్ని మిగులుతాయి. సాయిలు గేటు తీసి నిలబడ్డాడు. "రా. ఏ సాళ్లు ఉంచాల్నో నువ్వే చెప్పు. నాకు చేతులొస్తలేవు," అన్నాడు.

కరుణ లోపలికి అడుగు పెట్టింది. డ్రిప్పు పైపుల వెంట నడిచింది. బోరు దగ్గరి సాళ్లకు నీళ్లు పారనిచ్చింది. ఆ తర్వాతి సాలు దగ్గర వంగింది. మొదటి కాయ కాసిన చెట్టు ఆ సాలులోనే ఉంది. ఒక్క క్షణం దాని మొదలు మీద చేయి వేసింది... తర్వాత వాల్వు తిప్పి నీళ్లు బంద్ చేసింది. ఇంకో సాలు. ఇంకోటి. ప్రతి వాల్వూ తన చేతితోనే! వెనక సాయిలు వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. ఆమె ఏడవలేదు. ఏడ్చే నీళ్లు కూడా అయిపోయాయి.

వానలు పడేనాటికి తోటలో మిగిలింది పిడికెడు చెట్లు. చనిపోయిన చెట్లను నరికి వాకిట్లో పేర్చారు. ఫిర్యాదు పరిశీలించి మూసివేశామని ఫోనులో ఒక ముక్క వచ్చింది. అంతే.

ఆ వేళ కరుణ బత్తాయి కట్టెలతో పొయ్యి రాజేస్తోంది. ఫోను మోగింది. సాయిలు ఎత్తాడు. ఆ గొంతే! "నమస్కారం అండీ!" అతని మొహం నల్లబడింది. ఫోను నేలకేసి కొట్టబోయాడు.

"ఇటియ్యి," అంది భద్రమ్మ.

"అమ్మా, వద్దే..."

"ఇటియ్యిరా!"

ముసలామె ఫోను చెవికి పెట్టుకుంది. నడుము నిటారుగా చేసి కూర్చుంది.

"మీ బత్తాయి తోట ఎలా ఉందండీ?"

భద్రమ్మ వాకిట్లోని కట్టెల కుప్ప వైపు చూసింది. "బాగున్నది," అంది. "శానా బాగున్నది. కాయ బరువుకు కొమ్మలు ఆగుతలేవు."

"చాలా సంతోషమండీ! తోట పనులు ఎవరు చూసుకుంటారండీ?"

"నా కోడలు కరుణ. అసుంటి పిల్ల జిల్లాల లేదు."

పొయ్యి ఊదుతున్న కరుణ తల ఎత్తింది. దిష్టి తగలడానికి ఇంకేం మిగిలిందని ఈ మాటలు...? కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పొగ వల్ల కాదు.

"మీ సమాచారం నమోదు చేసుకున్నామండీ. ధన్యవాదాలు."

ఈసారి భద్రమ్మ తిన్నవా అని అడగలేదు. ఫోను కొడుకు చేతిలో పెట్టింది. మెల్లగా లేచి ఉట్టి కింది డబ్బాలోంచి గుప్పెడు రాళ్లుప్పు, ఎండుమిరపకాయలు తీసుకుంది. కోడలి ముందుకు వచ్చి, "కదలకు. నోరు జారిన," అంటూ తల చుట్టూ తిప్పింది. తిప్పి, బత్తాయి కట్టెల మంటలో వేసింది.

ఉప్పు చిటపటలాడింది.