పావు వంతు అల

దగ్గరికి జరుగు తల్లీ, గట్టిగా చెప్పే ఓపిక లేదు నాకు. ఆ పొద్దున సముద్రం ఒడ్డు కేంద్రంలో పనిచేసే వజ్రమ్మ ఎప్పటిలాగే ఇత్తడి అలగొట్టం మీద చేతి వెనక వైపు ఆనించింది, పసిపిల్ల నుదురు చూసినట్టు. గొట్టం చల్లగా ఉంటే లోపలి ఖాళీలో అల సాఫీగా పోతున్నట్టు. ఆ రోజు చెయ్యి చురుక్కుమంది. లోపల ఫట్‌మని మెరుపు కొట్టి, ఇత్తడి మాడిన వాసన వచ్చింది.

ఒడ్డున ఉన్న ఆ కేంద్రం కరెంటును కంటికి కనపడని అలగా మార్చి, ఆకాశంలో తేలే మేఘతెప్ప అనే యంత్రానికి పంపేది. తెప్ప దాన్ని గవ్వలంక దీవిలో దించేది, అక్కడ మళ్లీ కరెంటయ్యేది. దాంతోనే దీవి కట్ట మీద పంపులు సముద్రాన్ని తోడిపోస్తుండేవి. ఆసుపత్రిలో రోగులకు గాలి అందించే తొమ్మిది ఊపిరి మంచాలు ఆడుతుండేవి.

"కొత్త గొట్టానికి ఆరు రోజులు పడుతుంది," అంది గోడలోంచి పంపకం. కోస్తా అంతటికీ కరెంటు పంచే యంత్రం అది. "అందాకా తీగ తగిలించండి."

"తీగ అంత మోయలేదయ్యా," అంది వజ్రమ్మ. " నడుమ రాగి, చుట్టూ ప్లాస్టిక్. ఇంత అల పోతే కరిగిపోద్ది. పావు వంతయితే ఓర్చుకుంటుంది."

"అడిగినంత అందని చోటిని మూసేస్తాను. అరగంట తర్వాత తెప్పను వేరే ఊరికి తిప్పుతాను."

వజ్రమ్మ బొటనవేలంత తీగ బిగించి, అలను మెల్లగా పెంచింది. పావు దాటగానే తీగకు జ్వరం వచ్చినట్టయింది. తడి గోనె చుట్టింది. గోనె పొగలు కక్కింది. తగ్గించక తప్పలేదు.

దీవిలో మీటల గది చూసేది ఆమె వదిన కోటిరత్నం. వజ్రమ్మ ఫోన్ చేసింది.

"వదినా, అలగొట్టం మాడిపోయింది. నా చేతులారా చేశాను. నిన్న గొట్టం అతుకు చిలుము పట్టిందని విప్పి, చింతపండేసి తోమాను. లోపల తడి ఉండిపోయింది."

"చెంబనుకున్నావటే, తిక్కదానా!" వదిన పకపకా నవ్వి, అంతలోనే ఆగిపోయింది. "ఇప్పుడెట్టా?"

"తీగ పావే మోస్తుంది. అందినంతే అడిగితే పంపకం మూయదు. పావే అడగండి. మంచాలకు సరిపోద్ది."

"మరి పంపులకో?"

వజ్రమ్మ గోనె మీద ఇంకో చెంబు నీళ్లు పోసింది.

"మధ్యాహ్నం సముద్రం పోటుంది వజ్రం. ముందు మునిగేది మీ అన్న కొంపే."

"తెలుసు వదినా."

"జనాన్ని ఆసుపత్రి మేడెక్కించమని చెప్తాను," అంది కోటిరత్నం. టక్కున ఒక మీట పడింది. అది తమ వీధి పంపుది. తర్వాత ఒక్కొక్కటే మిగతావి.

"గవ్వలంక అడగడం తగ్గింది," అంది పంపకం. "పోటు వేళ ఇలా ఎన్నడూ లేదు. ఇంకా కావాలా?"

"చాలు," అంది కోటిరత్నం.

పది నిమిషాలకు మళ్లీ అడిగింది. మళ్లీ చాలు. వజ్రమ్మ తీగ మీద చేతి వెనక వైపు ఆనించి కూర్చుంది. అంతకు మించి చేయగలిగిందేమీ లేదు. మధ్యాహ్నానికి వదిన గొంతు వెనక నీళ్ల చప్పుడు వినిపించింది.

ఆరు రోజులూ పంపకం అడుగుతూనే ఉంది. మోకాటి లోతు నీళ్లలో నిలబడి ఎవరో ఒకరు చాలు అంటూనే ఉన్నారు. ఇంకా కావాలన్న వాళ్లనే తప్ప చాలన్న వాళ్లను అదెన్నడూ ఎరగదు. గవ్వలంకలో మనుషులున్నారా అని తీరంలోని ప్రతి కేంద్రాన్నీ వాకబు చేసింది.

ఉన్నారు తల్లీ. మంచాల మీది తొమ్మిది మందీ ఉన్నారు. ఇళ్లే లేవు.

గుర్తుపెట్టుకో. నీ పిల్లలకు చెప్పేటప్పుడు చింతపండు సంగతి మాత్రం దాచకు. వజ్రమ్మ దాచలేదు.