కొట్టేసిన ధన్యవాదాలు

“ఇది ఉత్తరమా, రిపేరు రిపోర్టా?”

ఆమె మొదటి మాట అదే. నమస్కారం లేదు, కూర్చోమనడం లేదు. చేతిలో ఎర్ర పెన్సిలు, ముందు అతను రాత్రంతా జుట్టు పీక్కుని రాసిన ఉత్తరం.

అతను లిఫ్టు మెకానిక్. లిఫ్టు ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో చెవి పెట్టి విని చెప్పగలడు. ఉత్తరం రాయడం మాత్రం అతని వంశంలో లేదు. అందుకే తనకు తెలిసిన పద్ధతిలోనే రాశాడు. ‘కిడ్నీ అమర్చిన తేదీ, ప్రస్తుత స్థితి: బాగుంది, ఫిర్యాదులు: ఏమీ లేవు.’ కింద పెద్ద అక్షరాలతో ‘ధన్యవాదములతో’ అని సంతకం పెట్టబోయాడు. పేర్లు రాయకూడదన్న నిబంధన గుర్తొచ్చి ఆగిపోయాడు.

పదకొండు నెలల క్రితం, ఎవరో ఒక తల్లి చనిపోయిన తన కొడుకు అవయవాలను దానం చేసింది. అందులో ఒక కిడ్నీ ఇతనికి వచ్చింది. ఆవిడెవరో ఇతనికి తెలియదు, ఇతనెవరో ఆవిడకు తెలియదు. ఏడాది లోపల ఉత్తరం వస్తే ఒక్కటి చదువుతానని మాత్రం ఆవిడ ఆసుపత్రి కాగితం మీద రాసిచ్చింది. గడువు దాటితే ఫైలు మూసేస్తారు. అటూ ఇటూ వెళ్లే ఉత్తరాలు చదివి, పేర్లూ ఊర్లూ తీసేసి పంపే ఉద్యోగం ఈమెది. ఆసుపత్రిలో అందరూ ఆమెను ‘ఉత్తరాల మేడమ్’ అంటారు. అలా అనేటప్పుడు ఎవరూ నవ్వరు.

“రిపోర్టే అనుకోండి. తప్పుల్లేవుగా?” అన్నాడతను.

ఆమె పెన్సిలుతో కింది మాటను అడ్డంగా కొట్టేసింది.

“అదేంటి మేడమ్! మొత్తంలో మర్యాదగా ఉన్న మాట అదొక్కటే.”

“దాని అర్థం తెలుసా?”

“థాంక్స్ అని.”

“ధన్య అంటే అదృష్టం పట్టినవాళ్లు. వెనకటికి ధనం ఉన్నవాళ్లని అర్థం, తర్వాత అదృష్టవంతులని అయింది. వాదమంటే మాట. నువ్వు అదృష్టవంతురాలివి అని ఎదుటిమనిషితో అనడం, ధన్యవాదమంటే.” ఆమె తల ఎత్తింది. “కొడుకు పోయిన తల్లికి ఆ మాట పంపమంటారా?”

అతను సంచిలోంచి నీళ్ల సీసా తీసి సగం తాగాడు.

“అర్థం చూసి ఎవరు రాస్తారండీ? అందరూ రాసేదేగా.”

“అందరూ అర్థం చూడరు. ఆవిడ చూస్తే?”

అతను ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని లేచాడు. గుమ్మం దగ్గర అలవాటు కొద్దీ “థాంక్స్ మేడమ్” అని నాలుక కరుచుకున్నాడు.

“అది పరవాలేదు,” అంది ఆమె, తల ఎత్తకుండా. “అది ‘థింక్’ అన్న మాటకి చుట్టం. మనసులో పెట్టుకుంటానని. పెట్టుకుని మళ్లీ రాయండి.”

బయట సన్నగా వాన మొదలైంది. ఆమె మీద కోపం రావాలి. రాలేదు. ఆ ఎర్ర పెన్సిలు పట్టుకున్న వేళ్లు గుర్తొచ్చాయి. అతనికి ఒళ్లు మండింది, తన మీదే.

*

రెండో ఉత్తరానికి అక్క సాయం అడిగాడు. తల్లీ తండ్రీ పోయాక అతనికి ఇల్లంటే అక్కే. డయాలసిస్ మూడేళ్లూ ఆమే తీసుకెళ్లింది, ఆమే తీసుకొచ్చింది.

“అక్కా, నీకు ఎప్పుడైనా థాంక్స్ చెప్పానా?”

అక్క వచ్చి నుదురు పట్టి చూసింది. “జ్వరం లేదే! మందులు మార్చారా? ఇంట్లోవాళ్లకి థాంక్స్ ఏంట్రా, ఇదేమన్నా బ్యాంకు కౌంటరా?”

చివరకు పాత నమూనా ఉత్తరాల పుస్తకం ఒకటి సంపాదించి, ‘కృతజ్ఞతా పుష్పాంజలి’ వరకూ అన్నీ ఎత్తి రాశాడు. ఉత్తరాల మేడమ్ మొత్తం చదివింది. ఈసారి నవ్వింది కూడా. ఆ నవ్వు కోసం ఇంకో పుస్తకం చూసి రాయవచ్చని అతనికి అనిపించింది.

“కృతజ్ఞతలు పదకొండు సార్లు రాశారు లిఫ్టు గారూ.”

“నెలకొకటి చొప్పున మేడమ్. అదీ కొట్టేస్తారా?”

“అది మంచి మాట. కృత అంటే చేసింది. జ్ఞ అంటే తెలిసినవాడు. ఎదుటివాళ్లు చేసింది తెలిసి ఉండటం, అంతే. నోటితో చెప్పడమన్నది అందులో లేనే లేదు.” ఆమె పెన్సిలుతో ఆ మాట కింద గీత గీసింది. “దానికి ఎదురు మాట కృతఘ్నుడు. ఘ్న అంటే చంపేవాడు. చేసిన మేలు మరిచిపోతే దాన్ని చంపినట్టే.”

అతను కుర్చీ అంచు పట్టుకున్నాడు.

“అయితే నేను ఆ రెండోవాణ్ణేమో మేడమ్. ఆసుపత్రి నుంచి ఫోనొచ్చిన రోజు గంతులేశాను. ఆ తర్వాత ఒక్క రోజూ సంతోషంగా లేను. అద్దం ముందు చొక్కా విప్పాలంటే భయం. ఎవరో కుర్రాడు పోతే నేను బతికాను, బతికి ఏం చేస్తున్నాను? బోల్టులు బిగిస్తున్నాను.”

ఆమె పెన్సిలు పక్కన పెట్టి, గోడ గడియారం చూసింది. ఆఫీసు వేళ అయిపోయింది.

ఇద్దరూ ఆసుపత్రి వాకిట్లో వాన తగ్గేదాకా నిలబడ్డారు. తగ్గే వానలా లేదు.

“మీకివన్నీ ఎలా తెలుసు? మాటల పుట్టుకలు?” అడిగాడు.

“మా నాన్న. తెలుగు మాస్టారు. డయాలసిస్ కుర్చీలో నాలుగు గంటలు కదలకూడదు కదా, నేను పక్కన కూర్చుంటే ఒక్కో మాటా విప్పి చెప్పేవారు. వారానికి మూడు రోజులు, నాలుగేళ్లు. కిడ్నీ కోసం ఎదురుచూసేవాళ్ల లిస్టులో ఆయన పేరు ముందుకు రానే లేదు.”

అతని చెయ్యి కోత మచ్చ మీదికి వెళ్లింది, వెంటనే తీసేశాడు.

“మిమ్మల్ని మొదటి రోజు చూసి ఏమనుకున్నానో తెలుసా?” అంది. “ఈయనకెందుకు వచ్చింది అనుకున్నాను.”

“మర్నాడు?”

“మర్నాడూ అదే అనుకున్నాను.”

“ఈ రోజు?”

ఆమె గొడుగు తెరిచింది. తెరిచి కూడా కదలలేదు. ఆ చూపులో కోపం లేదని అతనికి తెలిసిపోయింది, ధైర్యం వచ్చింది.

“మేడమ్, ఈ ఉత్తరం పని అయిపోయాక కూడా రావచ్చా? ఊరికే. మిమ్మల్ని చూడటానికి.”

“వద్దు.” ఆమె గొడుగు భుజానికి ఆనించుకుంది. “మీ మీద ఏమీ లేక కాదు. ఉంది కాబట్టే. పెట్టిన కిడ్నీ ఎన్నేళ్లు పనిచేస్తుందో నాకు లెక్క తెలుసు. ఆ తర్వాత మళ్లీ అదే గది, అదే కుర్చీ. ఇంకొకరి పక్కన అక్కడ కూర్చునే శక్తి నాకు లేదు. మూడో ఉత్తరం మనిషితో పంపించండి.”

వానలోకి నడిచి వెళ్లిపోయింది. అతను తడుస్తూ ఇంటికి చేరాడు. తడిస్తే ఊరుకోని అక్క, ముఖం చూసి ఊరుకుంది.

*

గడువు వారం ఉందనగా, ఒక పాత ఆరంతస్తుల భవనంలో లిఫ్టు ఆగింది. ఆగిన లిఫ్టు దగ్గరికి మెకానిక్ మెట్ల మీదే వెళ్లాలి. పైకెక్కి, మోటారు గది తలుపు తీశాడు.

ఏ లిఫ్టు మోటారు గదిలోనైనా గోడకు ఒక అట్ట వేలాడుతుంది. పనిచేసిన ప్రతి మెకానిక్ తాను ఏం చేశాడో దాని మీద రాసి పోవాలి. తర్వాత వచ్చేవాడు అది చదవకుండా పనిముట్టు తీయకూడదు. అతనికి మొదటి నుంచీ ఆ అలవాటు. ఈసారీ చదివాడు. పై వరసలో, ఏనాడో పోయిన పాత మేస్త్రి చేతిరాత: ‘కుడివైపు బోల్టు వదులవుతోంది. ఏటా చూడండి.’

తొమ్మిదేళ్లుగా అతను ఏటా ఆ బోల్టు చూస్తూనే ఉన్నాడు. ఆ మేస్త్రిని ఎన్నడూ కలవలేదు, ఒక్క మంచి మాటా చెప్పలేదు. అయినా ఆయన చేసింది ఇతనికి తెలుసు. తెలుసు కాబట్టే లిఫ్టు ఇన్నేళ్లూ తిరిగింది.

గ్రీజు చేతులు గుడ్డకు తుడుచుకుని, అక్కడే పెట్టె మీద కూర్చుని రాశాడు. మనిషితో పంపలేదు, తానే తీసుకెళ్లాడు. ఆమె వద్దనలేదు. ఉత్తరం తీసుకుని చదివింది.

‘అమ్మా,

నేను లిఫ్టులు బాగుచేస్తాను. మీరు ఇచ్చింది నా దగ్గర ఏం పని చేస్తోందో మీకు తెలియాలి కదా, అందుకని రాస్తున్నాను.

అంతకుముందు మూడేళ్లు డాక్టర్లు నన్ను రోజుకు రెండు గ్లాసుల నీళ్లే తాగనిచ్చారు. ఎండాకాలం ఐసుముక్క బుగ్గన పెట్టుకుని పడుకునేవాణ్ణి. ఇప్పుడు దాహం వేస్తే తాగుతున్నాను.

ఆరంతస్తులు మెట్లెక్కుతున్నాను. మూడో అంతస్తులో ఆగుతున్నాను, దాచను.

మా అక్క ఇప్పుడు నా ముందు నీళ్లు తాగుతోంది. ఆ మూడేళ్లూ చాటుగా తాగేది.

మాత్రలు ఉదయం ఎనిమిదికి, సాయంత్రం ఎనిమిదికి. ఒక్క పూట తప్పలేదు.

ఇది నాకు వచ్చిన రోజు మీ ఇంట్లో ఏమైందో నాకు తెలుసు. ఆ రోజు నేను సంతోషపడ్డాను. ఆ మాట మీ దగ్గర దాచి ఇంకేం రాసినా అబద్ధమే.’

ఆమె ‘చాటుగా’ అన్న చోట ఆగింది. పెన్సిలు డ్రాయరులోంచి బయటికే రాలేదు.

“నేనూ అంతే,” అంది చివరకు. “నాన్నకి కనబడకుండా వంటింట్లో తలుపు చాటున నిలబడి తాగేదాన్ని.” కళ్లు తుడుచుకుని, కవరు అంటించింది. “ఇవాళే పంపిస్తాను. వెళ్లండి.”

అతను వెళ్లాడు. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. జవాబు రాలేదు. ఆ తల్లి జవాబు రాస్తానని ఎక్కడా ఒప్పుకోలేదు, కాబట్టి ఎదురు చూడటానికి హక్కు లేదు. ఉత్తరాల మేడమ్ అసలు రావద్దనే చెప్పింది. అతను రోజూ మాత్రలు వేసుకున్నాడు, లిఫ్టులు బిగించాడు, అక్క ఏమైందని అడిగితే ఏమీ కాలేదన్నాడు.

నాలుగో నెలలో, ఒక ముసురు పట్టిన ఉదయం, ఫోను మోగింది.

“ఉత్తరం వచ్చింది. రండి.”

*

చిన్న కాగితం. గుండ్రటి చేతిరాత.

‘నాయనా, నీ ఉత్తరం అందింది. జవాబు రాయడానికి ఇన్నాళ్లు పట్టింది. మావాడు నీళ్లు సరిగ్గా తాగేవాడు కాదు. సీసా నింపి పంపితే అలాగే వెనక్కి తెచ్చేవాడు. ఆ చివరి రోజు కూడా దానికే తిట్టి పంపాను. ఆ తిట్టు నన్ను తినేస్తోంది. నువ్వు తాగుతున్నావని రాశావు. తాగు నాయనా.’

అతను చదివి కాగితం బల్ల మీద పెట్టాడు. పెట్టి, రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చాడు. పదిహేను నెలల్లో ఏడవడం అదే మొదలు. ఆమె ఆపలేదు. లేచి, మూలనున్న కూజాలోంచి రెండు గ్లాసుల్లో నీళ్లు వంచి తెచ్చింది. ఒకటి అతని ముందు పెట్టింది. రెండోది అతని ఎదురుగానే నిలబడి, గటగటా, చివరి చుక్క దాకా తాగేసింది.

“థాం...”

“ఎవరికి చెప్తున్నారు?” అంది మధ్యలోనే. “మీ అక్క మంచినీళ్లిస్తే చెప్తారా?”

“చెప్తే కొడుతుంది.”

“మరి నాకెందుకు?”

అతనికి అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. లిఫ్టయితే ఈపాటికి అంతస్తు దాటిపోయేది.

“ఆ కుర్చీ పక్కన కూర్చోలేనన్నారు కదా,” అన్నాడు మెల్లగా.

“అన్నాను. ఇప్పటికీ భయమే. ఈ నాలుగు నెలలూ మీరు రాకపోతే భయం తగ్గుతుందనుకున్నాను, తగ్గలేదు. ఎటూ భయపడేదే అయితే పక్కనుండి భయపడతాను.” ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టింది. “ఏడుపయ్యాక ఆ నీళ్లు తాగండి. ఆవిడ చెప్పింది కదా.”

కిటికీ బయట ముసురు అలాగే ఉంది. అతను గ్లాసెత్తి తాగాడు. ఆమె మళ్లీ నింపింది. అతను ఈసారి ఏమీ అనకుండా తీసుకున్నాడు.