గూడ్సు పోయేదాకా మూసిన గేటు

గేట్‌మన్ మునిరాజ్ కడుపులో మంట ఆ పొద్దున ఎంతగా లేచిందంటే, గేటు గదిలో స్టవ్ వెలిగించకుండానే టీ కాగింది. నమ్మనివాళ్లు తిరువళ్లూరు నుంచి తిరుత్తణి పోయే దారిలో ఆ రైల్వే గేటు దగ్గర ఎవరినైనా అడగవచ్చు.

కారణం అతని మేనమామ కూతురు యువరాణి. కాలేజీ ల్యాబులో ప్రోస్టేట్ క్యాన్సర్ మీద రీసెర్చ్ చేస్తోంది. ఆదివారం పెద్దవాళ్లు ఆమెను మునిరాజ్‌తో పెళ్లి మాట అడగబోతున్నారు. ఆమేమో ల్యాబులో తోటివాడు జీవా బండెక్కి, నవ్వుతూ వచ్చి గేటు ముందు ఆగింది.

"బావా, సీక్రం తెరువు. ఎనిమిదికి ల్యాబులో ఉండాల."

"లోకల్ రైలు పోవాల కదా," అన్నాడు మునిరాజ్, జీవా జుట్టు చూస్తూ. ఆ జుట్టు నూనెతో తిరుత్తణి కొండకు ఏడాదంతా దీపాలు పెట్టవచ్చు.

లోకల్ పోయింది. వెనక గూడ్సు వచ్చేలోపు ఒక్క నిమిషం తెరిచినా అందరూ దాటిపోతారు. సరిగ్గా అప్పుడే జీవా ఏదో అన్నాడు. యువరాణి వాడి భుజం మీద కొట్టి నవ్వింది.

గూడ్సు పోయేదాకా గేటు లేవలేదు.

సాయంత్రం యువరాణి ఒక్కతే నడుచుకుంటూ వచ్చి బెంచీ మీద కూలబడింది.

"మూడు దినాల పని పోయింది బావా."

"ఏమైంది?"

"కణం రెండు కావాలంటే ఒక గేటు దాటాల. సైక్లిన్ అనే ప్రోటీన్ తెరిపిస్తాది, పి ఇరవై ఏడు అనేది మూస్తాది. ఈ క్యాన్సర్లో ఆ మూసేది తగ్గిపోతాది, కణాలు పోతానే ఉంటాయి. మేము వాటిని ఒక దినం పస్తు పెట్టి, అన్నిటినీ గేటు ముందర నిలిపి, రాత్రి ఎనిమిదికి మళ్లా తిండి పెడతాము. సరిగ్గా పన్నెండు గంటలైనాంక తీసి, ఏ ప్రోటీన్ ఎంతుందో చూడాల. పావుగంట లేటుగా పోయినాను. మేడమ్ ఒప్పుకోలేదు."

నోటుబుక్కులో ఆ పేజీకి అడ్డంగా ఎర్రగీత ఉంది.

"అంతా జీవా వల్లే. పెట్రోల్‌కని నిలిచినాడు, గేటు పడిపోయింది. ఇంక వాడితో మాట్లాడను."

వారం రోజులుగా మునిరాజ్ మురుగనికి మొక్కుకున్న వరమే అది. నోరు మెదపకుండా ఉంటే చాలు. ఎర్రగీత ఉండనివ్వలేదు.

"జీవా తప్పు కాదు. లోకల్ పోయినాంక తెరవొచ్చు. నేనే తెరవలేదు."

"ఏంటికి?"

"నువ్వు వాడి భుజం మీద కొట్టి నవ్వినావు."

యువరాణి నోటుబుక్కు మూసి సంచిలో పెట్టుకుంది. ఒక రైలు వచ్చింది. మునిరాజ్ లేచి గేటు వేసి, తీసి వచ్చాడు.

"ఆదివారం పొద్దున ఎనిమిదికి కణాలు మళ్లా తియ్యాల," అంది. "జీవా బండిలోనే పోతాను."

"పో. ఏడింటికే గేటు తెరిచి పెడతా."

"రైలొస్తే?"

మునిరాజ్ చంకలోని ఎర్రజెండా విప్పి మళ్లీ చుట్టాడు.

"రైలొస్తే మూయాల బావా. పోతానే తెరువు, అంతే. జీవాకి సారీ నువ్వే చెప్పాల."

చెప్పాడు. ఆదివారం లోకల్ చివరి పెట్టె ఇంకా కళ్ల ముందుండగానే గేటు లేచింది. యువరాణి మళ్లీ జీవా భుజం మీద కొట్టి నవ్వింది. మునిరాజ్ పళ్లు నూరి, చెయ్యూపాడు.

తొమ్మిదింటికి ఫోన్ మోగింది.

"ఎనిమిదికే తీసినాను బావా. నిన్నే చేసుకుంటానని నాయనకి చెప్పేసినా."

మునిరాజ్ ఏ రైలూ రాకుండానే పచ్చజెండా ఊపాడు. "సాయంత్రం ఇంటికి వస్తావా?"

"యాడ వచ్చేది, ఆరింటికి ఇంకో విడత కణాలు తియ్యాల."

మునిరాజ్ మళ్లీ పళ్లు నూరాడు.

"ఆ కణాలు మగోళ్లవా?"

"ప్రోస్టేట్ ఆడోళ్లకుండదు బావా," అని యువరాణి ఫోన్ పెట్టేసింది.