పైలం అనే అమ్మాయి

"మేడమ్, దిగుండ్రి. ముందుగాల దిగుండ్రి, తర్వాత మాట్లాడుకుందాం."

ఇంద్రజ నిచ్చెన మీద నుంచి కిందకి చూసింది. శుక్రవారం, సెలవు రోజు. అయినా పచ్చ సేఫ్టీ కోటు, తెల్ల హెల్మెట్టు వేసుకుని ఒకడు వాళ్ళ వరండా ముందు నిలబడి చేతులూపుతున్నాడు.

"ఎవరండీ మీరు?"

"నర్సింగ్."

"ఇక్కడెవరికీ జ్వరాల్లేవు. హాస్పిటల్ పక్క వీధిలో ఉంది."

"నా పేరు మేడమ్ అది! సేఫ్టీ ఆఫీసర్‌ని. మూర్తి సార్ పంపిన్రు, మిమ్మల్ని దింపుమని."

మూర్తి సార్ అంటే ఇంద్రజ నాన్న సత్యనారాయణమూర్తి. స్టేడియం కట్టే కంపెనీలో ప్లానింగ్ మేనేజరు. ఏడాది చివర్లో వరల్డ్ కప్పు. దోహాలో సగం మంది హెల్మెట్లలోనే తిరుగుతున్నారు. కానీ కూతురు ఇంటి కప్పు ఎక్కుతానంటే ఆ మేనేజరుగారికి చెమటలు పట్టాయి. తను చెబితే వినదు కాబట్టి సైట్ నుంచి ఒక మనిషిని పిలిపించాడు.

ఇంద్రజ ఒక సోలార్ ఆఫీసులో డిజైన్ ఇంజనీరు. కంప్యూటర్లో వందల ప్యానెళ్ళు గీసింది, జీవితంలో ఒక్క స్క్రూ బిగించలేదు. "ఒక్కటైనా నా చేత్తో పెట్టకపోతే ఈ చదువెందుకు?" అని రెండు ప్యానెళ్ళు కొని తెచ్చుకుంది. మెసైమీర్‌లో వాళ్ళ అద్దె విల్లాకి వరండా మీద ఎర్ర పెంకుల వాలుకప్పు ఉంది. ఓనరు ముసలాయన "మాఫీ ముష్కిల్", ఏం ఇబ్బంది లేదు, అన్నాడు గానీ, పెంకు పగిలితే మాత్రం ముష్కిలే అని వేలు చూపించి మరీ వెళ్ళాడు.

"దిగను," అంది ఇంద్రజ. "మీకంత భయంగా ఉంటే నిచ్చెన పట్టుకోండి."

నర్సింగ్ ఆలోచించాడు. దింపలేడని ఆ మొహం చూస్తేనే తెలుస్తోంది. కారులోంచి బెల్టు, తాడు తెచ్చాడు. ఇంటి లోపలి మెట్లెక్కి వెళ్ళి తాడు కొసని మేడ మీద వాటర్ ట్యాంక్ స్టాండుకి ముడేసి వచ్చి, "ఇది కట్టుకుంటేనే పని. లేకుంటే నేను గీ నిచ్చెన ఎత్తుకపోత," అన్నాడు.

అలా మొదలైంది.

పని చూడ్డానికి సులువే. పెంకుని పైకి జరపాలి. కింద చెక్క వాసం ఎక్కడుందో పట్టుకోవాలి. దానికి ఇనప హుక్కు బిగించి, పెంకుని మళ్ళీ కిందకి దింపాలి. హుక్కు మెడ ఒక్కటే బయటికి రావాలి. అన్ని హుక్కులూ అయ్యాక వాటి మీద రెయిళ్ళు, రెయిళ్ళ మీద ప్యానెళ్ళు. వీడియోలో అయితే ఇదంతా టీ చల్లారేలోపు అయిపోయింది. ఇంద్రజకి మొదటి హుక్కుకే మధ్యాహ్నమైంది.

"గక్కడ కొట్టుండ్రి మేడమ్, గక్కడ వాసం ఉన్నట్టు సప్పుడైతున్నది," అన్నాడు నర్సింగ్ కింద నుంచి.

ఆమె బిగించింది. స్క్రూ గాలిలో గిర్రున తిరిగింది.

"మీ చెవి మీద కేసు పెట్టాలి!"

"సారీ మేడమ్."

"పైకి వచ్చి చూడొచ్చుగా?"

నర్సింగ్ నిచ్చెన వైపు చూశాడు. గొంతు తగ్గించి, "నాకు ఎత్తంటే భయం," అన్నాడు.

"సేఫ్టీ ఆఫీసర్‌కా!"

"భయం ఉన్నది కాబట్టే మేడమ్ సేఫ్టీల ఉన్న. భయం లేనోళ్ళని ఆపుడే నా డ్యూటీ."

ఇంద్రజ నవ్వాపుకోలేక పెంకుల మీదే కూర్చుండిపోయింది. ఆ నవ్వు కింద నిలబడ్డవాడికి కాస్త ఎక్కువే తగిలింది. తరవాతి శుక్రవారం ఎవరూ పిలవకుండానే వచ్చాడు. హెల్మెట్ కింద జుట్టుకి నూనె కూడా పెట్టుకున్నాడు.

"ఆ పెంకు అందించండి," అంటుందామె.

"మా జగిత్యాల దిక్కు పెంక అంటే రొట్టె కాల్చుకునేది. దీన్ని గూన అంటం."

"సరే, ఆ గూన అందించండి."

అతను అందిస్తాడు. వేళ్ళు తగులుతాయి. తగలకుండా అందించే వీలున్నా తగులుతాయి. ఇంద్రజ తల్లి కమలాదేవి వరండాలోంచి ఇదంతా చూస్తూ, ఆ పూట నుంచి ఇంకో గ్లాసు బియ్యం ఎక్కువ పోయడం మొదలుపెట్టింది.

చిక్కల్లా ఆ రోజు టీ తాగేటప్పుడు వచ్చింది. నర్సింగ్ ఫోన్ మోగింది. అతను గోడవైపు తిరిగి మెల్లగా మాట్లాడుతున్నాడు. గొంతు వెన్నలా అయిపోయింది.

"మంచిగ తిన్నవా? ఎండల తిరగకు... సరే, ఉంట. పైలం... పైలం..."

ఇంద్రజ చేతిలో టీ చల్లారిపోయింది. ఎవరీ పైలం? నీలం ఉంది, కోమలం ఉంది. పైలం పేరు ఎప్పుడూ వినలేదు. పేరు వింతగా ఉంది గానీ, పిలిచిన తీరులో వింతేమీ లేదు.

తనకేంటి? ఏమీ లేదు. ఏమీ లేదనుకుంటూనే ఆ సాయంత్రం రెండు స్క్రూలు వంకరగా బిగించింది.

మూడో శుక్రవారం తెల్లవారుజామున చినుకులు పడ్డాయి. దోహా వాన తెలిసిందేగా, నీళ్ళ కంటే దుమ్మే ఎక్కువ. పెంకుల మీద సన్నటి బురద పేరుకుంది. చివరి హుక్కు దగ్గర ఇంద్రజ కాలు సర్రున జారింది.

"పైలం!"

కింద నుంచి నర్సింగ్ పెట్టిన ఆ కేకకి కాంపౌండ్‌లో పావురాలన్నీ లేచిపోయాయి.

తాడు పట్టి ఆపింది. ఇంద్రజకి ఒక్క గీరు కూడా పడలేదు. దెబ్బ తగిలింది వేరే చోట. ప్రాణం మీదికొచ్చిన క్షణంలో మనిషి నోట ఎవరి పేరొస్తుందో వాళ్ళే కదా గుండెలో ఉన్నది. పడబోయింది తను, పిలిచింది ఆవిణ్ణి!

కిందకి దిగింది. నర్సింగ్ ముందు ఆమె బెల్టు లాగి చూసుకున్నాడు. నీళ్ళు తాగి, గొంతు సవరించుకున్నాడు.

"మేడమ్, ఒక్క మాట. స్టేడియం పని ఒడుస్తున్నది, ఇగ అయిపోయినట్టే. కంపెనీ రియాద్ పొమ్మంటున్నది. ఉంటనంటే ఇక్కడ్నే ఇంకో సైట్ ఇస్తరట. వచ్చే వారం చెప్పాలె. మీరేమంటరు?"

"నన్నెందుకు అడగడం? అడగాల్సిన వాళ్ళని అడగండి."

"మిమ్మల్నే అడగాలె అనుకున్న."

"అయితే వెళ్ళండి. తనని కూడా తీసుకెళ్ళండి."

"ఎవర్ని?"

"అమాయకత్వం మీకు నప్పలేదు," అని లోపలికెళ్ళి తలుపేసుకుంది.

వారమంతా అతని ఫోన్ ఎత్తలేదు. ఎత్తకపోయినా మోగినప్పుడల్లా చూసింది. బుధవారం నుంచి అది మోగడం మానేసింది. అప్పుడు ఏడుపొచ్చింది.

శుక్రవారం ఆమె కప్పు మీద రెయిలు బిగిస్తుంటే నర్సింగ్ వచ్చాడు. హెల్మెట్ లేదు, నూనె లేదు.

"కంపెనీ బెల్టు, తాడు వాపస్ ఇయ్యాలె మేడమ్. రేపు రియాద్‌కి సరే అని చెప్తున్న."

"పని కానివ్వండి, ఇచ్చేస్తాను."

అప్పుడే అతని ఫోన్లో వీడియో కాల్. తెర మీద వాళ్ళమ్మ గౌరవ్వ.

"ఏడున్నవ్ బిడ్డా? ఆ ఇల్లెక్కే పిల్ల ఏదిరా? జర చూపియ్యి!"

"అమ్మా, ఇప్పుడొద్దే..."

పెద్దావిడ అడిగితే కాదనడం ఇంద్రజకి చేతకాలేదు. దిగొచ్చి ఫోన్ అందుకుని నమస్కారం పెట్టింది.

"నువ్వేనా తల్లీ! మావోడు ఫోన్ చేస్తే నీ ముచ్చటనే. దుబాయ్‌ల గాలి దుమారం ఎక్కువనట గద. గోడలు, కప్పులు ఎక్కుతున్నవు. పైలం బిడ్డా!"

గల్ఫ్‌లో ఏ దేశమైనా ఆవిడకి దుబాయే. ఇంద్రజ ముఖం ముడుచుకుంది మాత్రం చివరి మాటకి. "నేను పైలం కాదండీ, ఇంద్రజని. ఆ అమ్మాయి వేరే."

"ఏ పిల్ల?"

"అదే... పైలం."

తెర మీద గౌరవ్వ "పైలమా?" అంది. తరవాత నవ్వడం మొదలుపెట్టింది. ఫోన్ ఆమె చేతిలో ఊగిపోయి, జగిత్యాల ఇంటి సీలింగ్ ఫ్యాను కనబడింది.

"ఓ నర్సిగా! ఏందిరా ఇది! పైలం అంటే పిల్ల కాదు తల్లీ. పైలం అంటే... పైలమే!"

వరండాలో పేపరు వెనక నుంచి మూర్తిగారి గొంతు వచ్చింది. "మనం పదిలం అనమూ, అదేనే అమ్మాయ్. జాగ్రత్త అని. అక్కడ నలిగి పైలం అయింది."

ఇంద్రజకి ఒక్కసారిగా అన్నీ గుర్తొచ్చాయి. గోడవైపు తిరిగి మాట్లాడింది అమ్మతోనన్నమాట. మరి ఆ కేక?

"ఆ రోజు నేను జారినప్పుడు..."

"మిమ్మల్నే అన్న మేడమ్," అన్నాడు నర్సింగ్. "నా పాణం పోయినంత పనైంది. ఇంకేమని మొత్తుకుంట?"

ఇంద్రజ ఫోన్ పక్కకొచ్చిన తల్లి చేతిలో పెట్టి, ఎర్రబడ్డ ముఖాన్ని దాచుకోవడానికి ఇంకో చోటు దొరకనట్టు గబగబా నిచ్చెనెక్కేసింది.

"మేడమ్! రియాద్‌కి ఏం చెప్పాలె?"

"వినపడట్లేదు! పైకొచ్చి అడగండి!"

నర్సింగ్ నిచ్చెన వైపు చూశాడు. కారు దగ్గరికెళ్ళి రెండో బెల్టు తెచ్చి కట్టుకున్నాడు. ప్రేమ ప్రేమే, డ్యూటీ డ్యూటీయే. ఒక్కో మెట్టుకీ ఒక్కో దేవుణ్ణి తలచుకుంటూ ఎక్కాడు. చివరి మెట్టు దగ్గర కళ్ళు మూసుకున్నాడు.

ఒక చెయ్యి వచ్చి అతని మణికట్టు పట్టుకుంది.

"పైలం," అంది ఇంద్రజ. పలకడం సరిగ్గా రాలేదు. అయినా ఆ మాట అంత బాగా ఎవరూ అనలేదనిపించింది అతనికి.

రెయిలు పట్టుకుని కూర్చున్నాక, కళ్ళు తెరవకుండానే అడిగాడు. "రియాద్?"

"వెళ్ళకు. నువ్వంటే నాకిష్టం. ఎక్కడికీ వెళ్ళకు."

మీరు కాస్తా నువ్వైపోయింది. నర్సింగ్ కళ్ళు తెరిచాడు. ఎత్తు సంగతే మర్చిపోయాడు.

కింద నుంచి మూర్తిగారు దగ్గారు. "ఇద్దరూ పదిలంగా దిగండి. పెంకు పగిలితే ఓనరుతో నేను పడలేను."

"వస్తున్నం సార్!"

"తొందరగా రావయ్యా. మీ అమ్మగారు ఇంకా లైన్లోనే ఉన్నారు. మా ఆవిడతో కలిసి ముహూర్తాలదాకా వెళ్ళిపోయారు."