కదిలితే వెలుగు

భూపాలపల్లిలో ఏజెంట్ ఐలయ్య హత్య జరిగిన మూడో రోజు పొద్దున ఎనిమిదింటికి, ఏజెంట్ సోమ్లా మహబూబాబాద్ రైల్వే స్టేషన్ వెయిటింగ్ రూములో అడుగుపెట్టాడు. సకల జనుల సమ్మె నెల దాటింది. ఆ రోజు రైల్‌రోకో కావడంతో గదిలో ఒకావిడ తప్ప ఎవరూ లేరు. ఆవిడ స్వెటర్ అల్లుకుంటోంది.

“కాజీపేట బండి ఎప్పుడొస్తదమ్మా?”

“రాష్ట్రం వచ్చినంకనే వస్తది.”

అది కోడ్. ఆ రోజుల్లో ఎవర్నడిగినా అదే జవాబు చెప్పేవారు కనుక ఈ కోడ్ పనికిరాదని సోమ్లా రెండుసార్లు రాతపూర్వకంగా విన్నవించుకున్నాడు. డిపార్ట్‌మెంట్ వినలేదు.

ఆవిడ చీఫ్ అరుంధతి. అల్లిక ఆపకుండానే బ్రీఫింగ్ మొదలుపెట్టింది.

“ఐలయ్య ఆఖరి మెసేజ్ డీకోడ్ అయింది. కదిలితే వెలుగు, వెలిగితే చావు.”

“బాంబా?”

“జనగామల వెంకటేశం సేటు కొత్త కాంప్లెక్స్. మూడో అంతస్తు హాలు. ఇయ్యాల పదకొండింటికి ఆడ ఉద్యమ నాయకుల మీటింగ్. హాలు లైట్లకు స్విచ్చులు లేవు, వైర్‌లెస్. మనిషి కదిలితే సెన్సార్ చూసి లైటు వేస్తది. లైటు వెలిగితే బాంబు పేలుతది.”

పెట్టింది ఆర్బిట్ అనే విదేశీ ముఠా. దాని నాయకుడు క్రోల్, లైట్ల కంపెనీ మనిషిగా వచ్చి ఊళ్లో తిష్ట వేశాడు. జనగామలో నెత్తురు పారితే ఉద్యమం అల్లర్ల పాలవుతుంది. ఆ సందట్లో భూపాలపల్లి బొగ్గు మీద చెయ్యి వేయాలని వాడి పథకం.

“ఇంకోటి. ఆర్బిట్‌ల నవ్య అని ఒక పిల్ల ఉన్నది.”

సోమ్లా ముఖం మాడిపోయింది. హైహీల్స్, నల్ల కళ్లద్దాలు, నాలుగు భాషలు. క్రోల్ పక్కన ఆ పిల్ల ఫొటో చూసిన రోజు అతను అన్నం మానేశాడు. నవ్య అసలు పేరు ద్వాళి. కురవి దగ్గరి తండాలో అతనితో కలిసి పెరిగిన సొంత చెల్లెలు.

“ఆమె మన మనిషే. ఎనిమిదేండ్ల సంది. నీక్కూడ చెప్పొద్దని ఆర్డర్,” అంది అరుంధతి. “పొద్దుగాల ఏడింటికి బాంబు తీసేటందుకు హాల్లకు పోయింది. తిరిగి రాలే.” అల్లిక ఆపి తలెత్తింది. “మీ అమ్మ పోయిన సంగతి ఆమెకు ఎరికేనా?”

ఆగస్టులో కురవి దవాఖానలో తల్లి మూడు రోజులు తలుపు వైపే చూస్తూ పడుకుంది. కబురు పంపడానికి అతని దగ్గర ఒక ఫోన్ నంబరుంది. దేశాన్ని అమ్ముకున్నదానికి తల్లెందుకని పంపలేదు. ఇప్పుడు ఆ మూడు రోజులూ ఒక్కసారిగా గుండెల మీద కూర్చున్నాయి.

బైకు ఆపకుండా నడిపి, పదింబావుకి ఎలక్ట్రీషియన్ వేషంలో జనగామ చేరాడు. కాంప్లెక్స్ ముందు రోడ్డు మీద వంటావార్పు. రాళ్ల పొయ్యిల మీద అన్నాలు ఉడుకుతున్నాయి. వెంకటేశం ఎదురొచ్చి, అడక్కుండానే గొప్పలు మొదలుపెట్టాడు.

“గోడ పగలగొట్టుడు లేదు, వైరు గుంజుడు లేదు. నేను ఏడున్నా ఫోన్ల నొక్కితే చాలు. మనిషి లేకుంటె పావుగంటకు దానంతటదే ఆరిపోతది. కరెంటు ఆదా.”

పొయ్యి దగ్గర అన్నం కలుపుతున్న అతని తల్లి లక్ష్మీకాంతమ్మ ఊరుకోలేదు. “ఏం ఆదానో. నేను కదలకుండ కూసోని జపం చేస్కుంటుంటె మీదికెల్లి ఆరిపోయె. మనిషి ఉన్నదో పోయిందో గా లైటుకు తెల్వద్దా?”

సోమ్లా వెంకటేశం చెవిలో నాలుగు ముక్కలు చెప్పాడు. వెంకటేశం చెమట తుడుచుకుంటూ బిల్డింగ్ ఖాళీ చేయించడానికి పరుగెత్తాడు. నాయకులను రోడ్డు మీదే భోజనానికి కూర్చోబెట్టారు.

మూడో అంతస్తు. హాలు తలుపుకు తాళం. సోమ్లా బోర్లా పడుకుని, తలుపు కింది సందులో చెంప ఆనించి చూశాడు. చీకట్లో కుర్చీ, దాని ముందు రెండు పాదాలు, ఎత్తు మడమల చెప్పులు. కదలడం లేదు.

“ద్వాళీ,” అన్నాడు గోర్ బోలీలో, వాళ్లింటి భాషలో.

“తలుపు తీయకు భియా.” గొంతు గుసగుసకన్నా చిన్నగా ఉంది. “కుర్చీల కూసోని సెన్సార్ చూస్తుంటె క్రోల్ తలుపుకు తాళమేసి బయటినుంచే ఆన్ చేసిండు. అప్పటి సంది కదల్లే. పదకొండైతే వాడే ఫోన్ల నొక్కుతడు.”

“మెయిన్ దించుతె?”

“సెన్సార్‌కు బ్యాటరీ, బాంబుకు బ్యాటరీ. మెయిన్‌తోని పనే లేదు. అన్నిటికి హుకుం ఇచ్చేది కింద ఆఫీసుల ఉన్న తెల్ల పెట్టె. ఆపితే, లైట్లన్నిటిని వెలగమని చెప్పి ఆగుతది. ఆపకుండ దాని నోరు మూయాలె. మూసినంక అరవై సెకండ్లే. పెట్టె మాట వినబడకుంటె లైట్లు వాటంతటవే వెలుగుతయి, జనం చీకట్ల పడొద్దని. ఆలోపల స్టేజి కింద పచ్చ వైరు పీకాలె.”

వైర్లు లేని సిస్టమ్‌లో మిగిలిన ఒకే ఒక్క వైరు అది. సోమ్లా లేవబోయాడు.

“భియా. యాడీ ఎట్లున్నది?” అమ్మ సంగతి అడిగింది.

తండాలో చావు కబురు తెలిస్తే ఆడమనిషి కూర్చున్నచోట కూర్చోదు. అయినవాళ్ల మెడ పట్టుకుని, ఊగుతూ, రాగం తీసి ఏడుస్తుంది. ద్వాళి ఇప్పుడు అలా ఏడిస్తే ప్రాణమే పోతుంది. సోమ్లా అబద్ధమాడాలి. కానీ తల్లి నేర్పిన భాషలో తల్లి గురించి అబద్ధం ఎంతకీ నోటికి రాలేదు.

“మంచిగున్నది,” అన్నాడు తెలుగులో.

చెప్పులోంచి కనిపించే బొటనవేలు ఒక్కసారి బిగుసుకుంది, అంతే. “సరే, పో,” అంది ద్వాళి.

తెల్ల పెట్టెలోని రేడియో నోరు మూయాలంటే చుట్టూ లోహం ఉండాలని ట్రైనింగ్‌లో నేర్చుకున్నాడు. అంత లోహం రోడ్డు మీద పొయ్యి మీదుంది.

“అవ్వా, గా డేగ్చా గావాలె.”

“నూరు మంది అన్నం బిడ్డా.”

“మా చెల్లె పానం అవ్వా.”

లక్ష్మీకాంతమ్మ మారు మాట్లాడకుండా తనే పక్కనున్న చాప మీద అన్నం గుమ్మరించింది. తాకితే కాలే డేగ్చాను గోనెసంచితో పట్టుకుని ఆఫీసులోకి మోశారు. తెల్ల పెట్టెను అందులో పెట్టి, మూత వేసి, మూత మీద రోకలిబండ పెట్టారు. పది గంటల యాభై ఎనిమిది నిమిషాలు.

ఒకటి, రెండు. సోమ్లా మెట్లు మూడేసి చొప్పున ఎక్కాడు. ఇరవై తొమ్మిదికి తాళం పగిలింది, ముప్పై ఆరుకు తలుపు తెరుచుకుంది. పైన సెన్సార్ ఎర్రగా మెరిసి మనిషొచ్చాడని అరిచింది. డేగ్చాలో ఉన్న పెట్టెకు ఆ అరుపు వినపడలేదు. స్టేజి కింద దూరి చీకట్లో తడిమాడు. యాభై మూడు. పెన్ను టార్చి వెలుగులో పచ్చ వైరు. యాభై ఎనిమిది. పీకాడు.

హాలంతా తెల్లగా వెలిగింది. మరేం జరగలేదు.

సరిగ్గా పదకొండింటికి రఘునాథపల్లి దగ్గర కారులో కూర్చుని ఫోను నొక్కినచోటే నొక్కుతున్న క్రోల్‌ను అరుంధతి పంపిన ఏజెంట్ మాన్‌సింగ్ కాలరు పట్టి దింపాడు. కింద వెంకటేశం పెట్టెను డేగ్చాలోంచి తీసి, మెతుకులు తుడిచి, మళ్లీ బల్ల మీద పెట్టుకున్నాడు.

సోమ్లా వచ్చి కుర్చీ పక్కన నేల మీద కూలబడ్డాడు. ద్వాళి జారి అతని పక్కన కూర్చుంది. నాలుగు గంటలుగా బిగబట్టిన కాళ్లు ఆమె మాట వినడం లేదు.

“ఎప్పుడు?” అంది.

“ఆగస్టుల. నీకెట్ల తెలిసింది?”

“యాడీ మాట నువ్వెప్పుడన్న తెలుగుల మాట్లాడినవా?”

“నీకోసం చూసింది. మూడు దినాలు. నేనే కబురు పంపలే.”

ఇప్పుడు కదలవచ్చు. మెడ పట్టుకుని రాగం తీయవచ్చు, బిల్డింగ్ అదిరేలా ఏడవవచ్చు. ఎనిమిదేళ్లుగా ముఖం కదలనివ్వకుండా బతికిన ద్వాళికి ఏడుపు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఆమెను ముట్టుకునే హక్కు తనకుందో లేదో సోమ్లాకు తెలియలేదు. ఇద్దరూ గోడకానుకుని అలాగే కూర్చుండిపోయారు.

పావుగంటకు, గదిలో మనుషులెవరూ లేరని తేల్చుకుని లైట్లు ఆరిపోయాయి. వెంకటేశం చెప్పినట్టే, కరెంటు ఆదా అయింది.