కుందేలమ్మ చెబితేనే ముద్ద

పొద్దున్నే కరెంటు పోయింది. టీవీ ముందు కూర్చున్న చిట్టి మాత్రం కదల్లేదు, నల్లటి తెరను కళ్ళార్పకుండా చూస్తూ ఉండిపోయింది. నానమ్మ ముద్ద కలిపి నోటి దగ్గర పెడితే పెదవులు బిగించింది. బతిమాలినా అంతే, బెదిరించినా అంతే.

"ఆకలి వెయ్యట్లేదా తల్లీ?" అని వంటింట్లోంచి వచ్చిన అమ్మ అడిగింది.

"ఏమో. కుందేలమ్మ ఇంకా చెప్పలేదుగా."

టీవీ కార్టూన్లోని ఆ కుందేలమ్మ గొంతు ఎవరిదో కాదు, అమ్మదే. పిల్లల కార్టూన్లకు డబ్బింగ్ చెప్పడం ఆమె వృత్తి. తాను స్టూడియోకి వెళ్ళగానే పిల్ల తిండి ముట్టడం లేదని అత్తగారు గోల పెడుతుంటే, ఆమెకో బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. కుందేలమ్మ తన పిల్లకు తినిపించే దృశ్యానికి కొత్తగా మాటలు చెప్పి, రికార్డు చేయించి ఇంటికి తెచ్చింది. నోరు తెరువు బంగారం, నములు, మింగు, ఇంకొకటి. టీవీలో ఆ మాటలు వినబడితే చాలు, చిట్టి నోరు దానంతటదే తెరుచుకునేది. పక్కింటి తల్లులు ముక్కున వేలేసుకున్నారు. అత్తాకోడళ్ళు తమంత తెలివైనవాళ్ళు లేరని మురిసిపోయారు.

ఆ మురిపెం ఎంతోకాలం నిలవలేదు. ఏం తిన్నావని అడిగితే చిట్టి చెప్పలేకపోయేది. బడికి పంపిన డబ్బా మూత తీయకుండానే ఇంటికి తెచ్చేది. ఒకసారి టీవీ కట్టేయడం మర్చిపోతే, పళ్ళెం ఖాళీ అయ్యాక కూడా పిల్ల నోరు తెరుస్తూ, మూస్తూ, ఏమీ లేకుండానే నములుతూ కూర్చుంది. నానమ్మ నవ్వింది గానీ అమ్మకు నవ్వు రాలేదు.

ఇప్పుడు అత్తగారే సలహా ఇచ్చింది. "ఆ గొంతు నీదేగా అమ్మాయ్, నువ్వే అను."

అమ్మ ముద్ద అందుకుని పిల్ల పక్కన కూర్చుని, గొంతు సన్నం చేసి, "నోరు తెరువు బంగారం" అంది. చిట్టి నోరు తెరుచుకుంది. తల మాత్రం తిరగలేదు. నల్లటి తెరకేసి చూసి నవ్వుతూ, "వచ్చావా అమ్మా" అంది.

"చిట్టీ, అమ్మను నేను. ఇటు చూడు."

"మాట్లాడకు. అమ్మ చెప్తోంది."

అమ్మ చేతిలోని ముద్ద జారి కింద పడింది. ఆమె లేచి, తీగలు పీకేసి, టీవీని మోసుకెళ్ళి అటక మీదికి ఎక్కించింది. ఆ రోజు పనికి రాలేనని స్టూడియోకి కబురు చేసింది.

"పసిదాన్ని పస్తు పెడతావా? ఇదెక్కడి మొండితనం?" అంటూ అత్తగారు అడ్డొచ్చింది.

"దానికి ఆకలంటే ఏమిటో మనమే మరిపించాం అత్తయ్యా. ఆ ఆకలి తిరిగి రావాలంటే దారివ్వాలి కదా. మీరు తిట్టండి, పడతాను. ముద్ద మాత్రం పెట్టకండి."

అత్తగారు మూతి ముడుచుకుని వంటింట్లోకి వెళ్ళింది. తనూ ఏమీ తినలేదు. చిట్టి మంచినీళ్ళు తాగింది, ఆడుకుంది, మధ్యమధ్య టీవీ ఉండే గోడకు చెవి ఆనించి విన్నది. ఒకసారి వినిపించినట్టే తలూపింది. అది చూసి, పిల్ల తనకిక దక్కదేమోనని అమ్మ భయపడింది. కుందేలమ్మ గొంతుతో పిలిస్తే క్షణంలో పలుకుతుందని తెలుసు. అయినా పెదవి విప్పలేదు.

పొద్దువాలుతుండగా చిట్టి పొట్ట పట్టుకుని వచ్చింది. మొహం పాలిపోయింది.

"అమ్మా, లోపల ఎవరో ఉన్నారు. గిల్లుతున్నారు."

అమ్మ కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. పిల్లను ఒళ్ళోకి లాక్కుని, ఆ చిన్న పొట్టమీద చెయ్యి వేసింది.

"భయపడకు తల్లీ. అది ఆకలి. అది నీదే."

చిట్టి ఆమె మొహంలోకి చూసింది. ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చాలాసేపు చూసింది. తర్వాత రెండు చేతులతో ఆమె చెంపలు పట్టుకుంది.

"అమ్మా, ఆకలేస్తోంది."

గుమ్మంలో నిలబడ్డ అత్తగారు కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ పళ్ళెం కోసం పరుగెత్తింది.